పాప పాట ఇంట్లోనే రికార్డు చేయాలంటే: ముందు గది, తర్వాత తంబురా, ఆ తర్వాతే మైకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పన్నెండేళ్ల అమ్మాయి, వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చింది, శ్రుతి ఐదు (అంటే ఆమె ‘స’ పాశ్చాత్య జి స్వరం). ఫోనులో రికార్డు చేస్తే తంబురా కాసేపు వినిపించి కాసేపు మాయమవుతోంది, గొంతేమో డబ్బాలోంచి వస్తున్నట్టుంది. ఏ మైకు కొనాలి, గోడలకు ఫోమ్ అంటించాలా అని మీ ప్రశ్న. మైకు సంగతి కొంచెం ఆగి చెబుతాను. ఎందుకంటే మీరు చెప్పిన రెండు ఇబ్బందుల్లో ఒక్కటి కూడా మైకు మార్చినంత మాత్రాన పోదు.

ముందు తంబురా మాయమవడం గురించి. ఫోనులు మాటలు పట్టడానికి తయారైనవి, సంగీతానికి కాదు. లోపల రెండు పనులు వాటంతట అవే జరుగుతుంటాయి. ఒకటి, శబ్దం తగ్గితే గెయిన్ (మైకు పట్టిన శబ్దాన్ని పెంచే మోతాదు) పెంచడం, పెరిగితే తగ్గించడం. పాప తారషడ్జం (పై ‘స’) అందుకోగానే ఫోను మొత్తాన్నీ కిందికి లాగుతుంది, దాంతోపాటే తంబురా కూడా పోతుంది. ఊపిరి తీసుకునే చోట మళ్లీ పైకి లేపుతుంది, అప్పుడు తంబురాతో పాటు ఫ్యాను హోరు కూడా లేస్తుంది. రెండోది, మార్పు లేకుండా ఒకే తీరుగా మోగేదాన్ని రొద అనుకుని తుడిచేయడం. తంబురా నాదం సరిగ్గా ఆ లక్షణంతోనే ఉంటుంది కాబట్టి ఆ వేటు దానిమీదే పడుతుంది. ఆన్‌లైను పాఠంలో గురువుగారికి తంబురా వినపడకపోవడానికి కూడా కారణం ఇదే. జూమ్‌లో అయితే ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అనే సెట్టింగు ఆన్ చేస్తే ఆ తుడుపు ఆగుతుంది. ఆండ్రాయిడ్ ఫోనుల్లో కొన్ని రికార్డర్ యాప్‌లు ఆడియో సోర్సును ‘అన్‌ప్రాసెస్డ్’గా పెట్టుకోనిస్తాయి, గెయిన్ కూడా చేతికిస్తాయి. రోజువారీ సాధన రికార్డు చేసుకుని వినడానికి అది చాలు. బయటివాళ్లకు వినిపించే రికార్డింగుకు మాత్రం కింద చెప్పేదంతా కావాలి.

గది

గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉండటం గది చేసే పని. టైల్స్ నేల, సిమెంటు గోడలు, పైన కాంక్రీటు. పాప నోటినుంచి వచ్చిన నాదం వీటిని తాకి కొన్ని మిల్లీ సెకన్ల తేడాతో మళ్లీ మైకులో పడుతుంది. చెవి, మెదడు కలిసి గదిలో ఉన్నప్పుడు దాన్ని సర్దుకుంటాయి. మైకుకు ఆ సర్దుబాటు తెలియదు, వచ్చిందంతా రాసుకుంటుంది.

ఇంట్లో ఏ గది మంచిదో తేల్చడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఒక్కో గదిలో నిలబడి చప్పట్లు కొట్టండి. ‘ట్రింగ్’ అని లోహం మోగినట్టు తోక వినిపిస్తే ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటోందని అర్థం. ఆ గది వద్దు. సాధారణంగా నెగ్గేది పడకగదే. పరుపు, దిండ్లు, కర్టెన్లు, బట్టలున్న బీరువా అన్నీ అక్కడే ఉంటాయి. బీరువా తలుపులు తెరిచి ఉంచితే లోపలి బట్టలు కూడా మీకు పనిచేస్తాయి. హాలు పెద్దదని అక్కడ కూర్చోబెట్టకండి. వంటింట్లోంచి, వీధిలోంచి వచ్చే చప్పుళ్లన్నీ చేరేది అక్కడికే.

రెండో పరీక్ష చాలామంది చేయరు, కానీ ఫలితం ఎక్కువ ఇచ్చేది ఇదే. పాప కూర్చోబోయే చోట కూర్చుని మంద్రపంచమం (కింది ‘ప’) నుంచి తారషడ్జం వరకు నెమ్మదిగా, ఒకే బలంతో, ‘ఆ’ అంటూ జారుతూ పాడాలి. ఎక్కడో ఒక స్వరం దగ్గర గది ఒక్కసారిగా ఉబ్బినట్టు మోగుతుంది. ఇది ఊహ కాదు, లెక్క. మూడున్నర మీటర్ల పొడవున్న గదిలో ఆ పొడవు వెంట 49, 98, 147, 196 హెర్ట్జ్‌ల దగ్గర అలలు నిలబడతాయి. ఐదు శ్రుతిలో మధ్యషడ్జం 196, మంద్రపంచమం 147. అంటే అలాంటి గదిలో పాప షడ్జం మీద వాలిన ప్రతిసారీ గది కూడా తోడు పాడుతుంది, రిషభం దగ్గరికి రాగానే నోరు మూసుకుంటుంది. రికార్డింగులో అది పాప గొంతు నిలకడ లేనట్టు వినిపిస్తుంది. విని తప్పు పాపదే అనుకుంటారు. కూర్చునే చోటు ఒకటి రెండు అడుగులు జరిపి మళ్లీ పాడించి చూడండి. గది సరిగ్గా మధ్యలో, గోడకు ఆనుకుని, మూలలో, ఈ మూడు చోట్లా వద్దు. పొడవులో మూడో వంతు దగ్గర మొదలుపెట్టి అక్కణ్నుంచి సర్దుకోండి.

ఇక ఫోమ్. అంగుళం మందం ఫోమ్ పలకలు మీకు కావలసిన పని చేయవు. అవి పీల్చేది ఎక్కువగా పై పౌనఃపున్యాలనే, సకారాలు, శకారాలు ఉండే చోట. పాప గొంతు మూలస్వరాలు ఉండేది 147 నుంచి 590 హెర్ట్జ్‌ల మధ్య. అక్కడ ఆ ఫోమ్ ఉన్నా లేనట్టే. గది నిండా అంటిస్తే గొంతులో కాంతి పోయి, ఉబ్బు మాత్రం మిగులుతుంది. కోడిగుడ్ల అట్టలైతే చెప్పనే అక్కర్లేదు, అవి బయటి శబ్దాన్నీ ఆపవు, లోపలిదాన్నీ పీల్చవు.

పనిచేసేది మందం, గోడకూ దానికీ మధ్య ఖాళీ. మందపాటి బొంతలు లేదా రజాయిలు రెండు మూడు మడతలు వేసి, గోడకు అంటకుండా జానెడు దూరంలో దండెం మీద వేలాడదీయండి. పైసా ఖర్చు లేకుండా సగం పని అయిపోతుంది. ఎక్కడ వేలాడదీయాలన్నదే అసలు కీలకం. అందరూ మైకు వెనక పెడతారు. కానీ ఇంట్లో వాడే మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం, అవి ముందు నుంచి వచ్చేది వింటాయి, వెనక వైపు చెవుడు. మైకు ముందు ఎవరున్నారు? పాప. పాప వెనక ఏముంది? గోడ. మైకు నేరుగా చూస్తున్నది ఆ గోడనే. కాబట్టి మొదటి బొంత పాప వీపు వెనక రావాలి, వీలైతే రెండు బొంతలు మూల ఆకారంలో. తర్వాత తల పైన, ఆ తర్వాత పక్కలకు. మైకు వెనకది చివర. నేల మీద చాప ఒక్కటే చాలదు, దాని కింద మందమైన తివాచీయో పరుపో ఉండాలి. పాప నేల మీదే కూర్చుంటుంది కాబట్టి నేల నుంచి వచ్చే ప్రతిధ్వని నిలబడి పాడేవాళ్లకంటే దగ్గరగా, గట్టిగా తగులుతుంది.

శాశ్వతంగా ఏర్పాటు చేసుకోదలిస్తే రాక్‌వూల్ పలకలు పది సెంటీమీటర్ల మందం, ఘనమీటరుకు 45–60 కిలోల సాంద్రతలో తీసుకుని చెక్క చట్రంలో బిగించి గుడ్డ తొడిగించండి. నోటితో ఊదితే గాలి అవతలికి పోయే గుడ్డే వాడాలి, రెక్సిన్ లాంటిది కప్పితే పలక పనిచేయదు. ఆ నూలు పోగులు దురద పెడతాయి, ఊపిరిలోకి పోకూడదు. పాప గదిలో కాబట్టి వెనక వైపు కూడా గుడ్డతో మూసేయాలి.

చప్పుళ్ల విషయం తొందరగా చెప్పేస్తాను. ఫ్యాను ఆపాల్సిందే. హోరు ఒక్కటే కాదు, తిరుగుతున్న రెక్కల నుంచి వెనక్కి వచ్చే నాదం సన్నగా వణుకుతుంది, దీర్ఘంగా నిలిపిన స్వరంలో ఆ వణుకు తెలిసిపోతుంది. ఏసీతో గదిని ముందే చల్లబరిచి, పాట మొదలయ్యేముందు ఆపి, టేకుల మధ్య మళ్లీ వేయండి. ఫ్రిజ్ పక్క గదిలో ఉన్నా ఆపండి (ఆపినప్పుడు బండి తాళాలు దాని మీద పెట్టండి, మళ్లీ వేయడం మరిచిపోరు). ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట ‘ఝుం’ అనే మోత 50 దగ్గర ఆగదు, 100, 150, 200ల్లో కూడా ఉంటుంది. ఐదు శ్రుతి షడ్జం 196 అన్నాం కదా. 196కూ 200కూ మధ్య సెకనుకు నాలుగు సార్లు అల లేచి పడుతుంది. శ్రుతి ఎందుకో పుల్లగా ఉందనిపిస్తుంది, వెతికితే దొరకదు. 150ని ఫిల్టరుతో కోద్దామంటే పక్కనే మంద్రపంచమం ఉంది. కాబట్టి దాన్ని పుట్టకుండా చూడటమే దారి.

కూర్చోవడం, మైకు పెట్టే చోటు

మామూలు మైకు స్టాండు నిలబడి పాడేవాళ్లది. దాన్ని పూర్తిగా దించినా నేల మీద కూర్చున్న పిల్లకు ఎత్తుగానే ఉంటుంది. పొట్టి స్టాండు, అడ్డకమ్మీ ఉన్నది తీసుకోండి. మైకు పాప నోటికి ఎదురుగా వద్దు. ముక్కు, నుదురు మధ్య ఎత్తులో పెట్టి కిందికి నోటివైపు వంచండి, మళ్లీ కొద్దిగా పక్కకు, ఓ పదిహేను ఇరవై డిగ్రీలు. ప, ఫ, బ, భ పలికినప్పుడు నోటినుంచి వచ్చే గాలి తిన్నగా ముందుకి, కొంచెం కిందికి పోతుంది. మైకు ఆ దారిలో లేకపోతే సగం బాధ తప్పుతుంది. మిగతా సగానికి పాప్ ఫిల్టరు, మైకుకు అర జానెడు ముందు. సకారాలు ఈలలా వస్తుంటే మైకును ఇంకాస్త పక్కకు తిప్పండి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కోయడం కంటే అది నయం.

దూరం ఎంత? సినిమా పాటలకు పెట్టినట్టు జానెడు దూరంలో పెట్టకండి. రెండు కారణాలు. కార్డియాయిడ్ మైకుకు బాగా దగ్గరగా పాడితే మంద్రం అసహజంగా బరువెక్కుతుంది, పిల్ల గొంతు పెద్దవాళ్ల గొంతులా తయారవుతుంది. రెండోది, పాడేటప్పుడు పిల్లలు కదులుతారు, గమకంతో పాటు తల ఊగుతుంది. పదిహేను సెంటీమీటర్ల దూరంలో ఉన్న తల ముప్పైకి జరిగితే శబ్దం 6 డెసిబెళ్లు పడిపోతుంది. అదే నలభై నుంచి యాభై అయిదుకు జరిగితే పడేది 3 కూడా ఉండదు. తల కదలొద్దని పిల్లకు చెప్పడం కంటే మైకును నలభై దగ్గర పెట్టుకోవడం సుఖం. తల బిగబట్టి పాడితే గమకం కూడా బిగుసుకుపోతుంది. అయితే దూరం పెరిగిన కొద్దీ గది ఎక్కువ వినిపిస్తుంది, బొంతల పని ఇందుకే ముందు చేయమన్నాను. గది బాగా లొంగకపోతే ముప్పైకి రండి, అంతకంటే దగ్గరికి వద్దు.

ఇప్పుడు ఎవరూ ముందుగా ఊహించని చప్పుడు: తాళం. పాప తొడ మీద వేసే ఘాతం మైకులో ‘ధబ్’మని పడుతుంది, నేల ద్వారా స్టాండులోకి కూడా ఎక్కుతుంది. తాళం మానేసి పాడమంటే కాలప్రమాణం చెదురుతుంది, అది ఇంకా నష్టం. తొడ మీద మందపాటి తువ్వాలు నాలుగు మడతలు వేసి ఉంచండి, గాజులు తీయించండి, పట్టు పరికిణీకి బదులు మెత్తని నూలు బట్టలు వేయండి, మైకుకు షాక్‌మౌంట్ (అదురు అందకుండా మైకును సాగే తాళ్ల మీద నిలిపే చట్రం) పెట్టండి, స్టాండు కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేయండి. స్టాండు పాప కూర్చున్న పరుపు మీద ఉండకూడదు, విడిగా నేల మీద ఉండాలి. ఇవన్నీ చేసినా ఘాతం కొంచెం వినిపిస్తే పోనివ్వండి, అది పాటలో భాగమే.

సాహిత్యం చూసి పాడే అలవాటుంటే పుస్తకాన్నీ ట్యాబునూ మైకుకూ నోటికీ మధ్య పెట్టకండి. గట్టి పలక నుంచి తిరిగొచ్చిన నాదం అసలు నాదంతో కలిసి గొంతును బోలుగా చేస్తుంది. పక్కకు, కిందికి వంచి పెట్టండి. పాట కంఠతా వచ్చాకే రికార్డు చేయడం అన్నిటికంటే మేలు.

మైకు, ఇంటర్ఫేస్

పై పనులయ్యాక మైకు పెద్ద నిర్ణయం కాదు. కార్డియాయిడ్ కండెన్సర్ మైకు, ఎక్స్ఎల్ఆర్ కేబులు, 48 వోల్టుల ఫాంటమ్ పవరు (కండెన్సర్ మైకుకు కేబులులోంచే అందే కరెంటు) ఇచ్చే ఒకటి లేదా రెండు ఇన్‌పుట్ల ఇంటర్ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), అంతే. మైకు కాగితం మీద చూడాల్సిన ఒక అంకె ఉంది, దాని సొంత రొద. రోడ్ ఎన్‌టీ1 లాంటివాటిలో అది 5 డెసిబెళ్లకు అటూ ఇటూ, ఆడియో-టెక్నికా ఏటీ2020లో 20. బాగా నిశ్శబ్దంగా ఉన్న ఇంటి గదిలోనే 30 వరకు చప్పుడు ఉంటుంది కాబట్టి 20 ఉన్నదైనా మీ పని ఆగదు. కాకపోతే ఆలాపన బాగా మెల్లగా మొదలుపెట్టే పిల్ల అయితే తక్కువ రొద ఉన్నదే తీసుకోండి.

‘డైనమిక్ మైకు తీసుకుంటే గది వినిపించదు’ అని చాలామంది చెబుతారు. పూర్తిగా నిజం కాదు. వాటిని పెదవులకు దగ్గరగా పట్టుకుని పాడతారు కాబట్టి గది తక్కువ పడుతుంది, మైకు జాతి వల్ల కాదు. నలభై సెంటీమీటర్ల దూరంలో పెట్టి పాడిస్తే అదీ గదిని పట్టుకుంటుంది, పైగా గెయిన్ బాగా పెంచాల్సి వచ్చి ఇంటర్ఫేస్ రొద పైకొస్తుంది. కచేరీకి డైనమిక్, ఇంటి రికార్డింగుకు కండెన్సర్. యూఎస్‌బీ మైకులతో కూడా మంచి రికార్డింగు వస్తుంది, కానీ రేపు వయొలిన్ కోసం రెండో మైకు కావాలంటే దాంతో దారి మూసుకుపోతుంది.

కండెన్సర్ మైకులు చాలావాటికి పక్క నుంచి పాడాలి, పై కొసలోంచి కాదు. కంపెనీ గుర్తు ఉన్న వైపు సాధారణంగా ముందు. తిరగేసి పెట్టి ‘మైకు బాగాలేదు’ అని తిరిగి పంపినవాళ్లు బోలెడుమంది. వెనక వైపు చెవుడని చెప్పాను కదా, ఆ వైపును కిటికీకో ల్యాప్‌టాప్‌కో తిప్పండి.

రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. గెయిన్ సరిచూడటానికి పల్లవి పాడించకండి. ఆ కృతిలో అన్నిటికంటే గట్టిగా, పైన పాడే చోటు, మామూలుగా అనుపల్లవిలోనో చరణం చివరి సంగతిలోనో ఉంటుంది, అది పాడించండి, మొహమాటం లేకుండా పాడమనండి. అప్పుడు మీటరు –12 డెసిబెళ్లు దాటకుండా గెయిన్ ఆపండి. అసలు టేకులో పిల్ల ఉత్సాహంలో ఇంకో నాలుగైదు డెసిబెళ్లు పెంచుతుంది, ఆ జాగా అందుకే. మెల్లగా పడినదాన్ని 24 బిట్‌లో తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు, చిరిగిన తారస్థాయిని అతకలేం.

తంబురా, హెడ్‌ఫోన్స్

అన్నిటికంటే ఎక్కువ రికార్డింగులు పాడయ్యేది ఇక్కడే. తంబురా యాప్‌ను స్పీకరులో పెట్టి పాడిస్తే అది గొంతుతో కలిసి ఒకే ట్రాకులో పడుతుంది. వినడానికి మొదట బాగానే ఉంటుంది. తర్వాత రెండు టేకులను అతకబోతే బయటపడుతుంది: కోసిన చోట తంబురా మీటు తెగిపోయి ‘టుక్’ మంటుంది, పంచమం మోగాల్సిన చోట షడ్జం వస్తుంది. గొంతుకు కాస్త ప్రతిధ్వని కలిపితే తంబురాకూ అంటుకుంటుంది. అందుకని తంబురాను పాప చెవులకు మాత్రమే వినిపించి, శుభ్రమైన తంబురాను తర్వాత వేరే ట్రాకులో కలపాలి.

హెడ్‌ఫోన్స్ చెవులను పూర్తిగా కప్పే మూసిన రకం, తీగ ఉన్నవి. బ్లూటూత్ వద్దు, తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తే పెద్దవాళ్లే తడబడతారు. పాప తన గొంతును ఇంటర్ఫేస్ మీద ఉండే డైరెక్ట్ మానిటర్ ద్వారా వినాలి, కంప్యూటరు దాకా వెళ్లి వచ్చిన శబ్దం కాదు. ఆ బొత్తాము లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో బఫరు (కంప్యూటరు ఒక్కో విడతలో పోగేసుకునే శబ్దం ముక్క) 128కి తగ్గించండి, 1024లో వదిలేస్తే ఒక్క బఫరుకే 21 మిల్లీ సెకన్లు పోతాయి.

ఎప్పుడూ హెడ్‌ఫోన్స్‌తో పాడని పిల్ల మొదటిసారి శ్రుతి తప్పడం మామూలే. కంగారు పడకండి. ఒక చెవి తెరిచి ఉంచండి, తెరిచిన వైపు హెడ్‌ఫోను తలకు ఆనించి ఉంచాలి, లేకపోతే తంబురా అందులోంచి మైకులోకి కారుతుంది. గొంతు వాల్యూము విషయంలో ఒక గమ్మత్తు ఉంది. పాప చెవిలో ఆమె గొంతు ఎక్కువగా పెడితే ఆమె మెల్లగా, దాచుకుని పాడుతుంది. తక్కువగా పెడితే అరుస్తుంది. లేత గొంతుకు అరవడం మంచిది కాదు. కాబట్టి టేకులో బలం నచ్చకపోతే ‘గట్టిగా పాడు’ అనకుండా చెవిలో గొంతు వాల్యూము మరను కాస్త తిప్పండి, పిల్ల తనంతట తనే సర్దుకుంటుంది. మొత్తం వాల్యూము మాత్రం తక్కువలోనే ఉంచండి, చెవులు లేతవి. అసలు రికార్డింగుకు ఓ వారం ముందు నుంచి సాధనలో రోజూ కాసేపు హెడ్‌ఫోన్స్‌తో పాడించండి.

యాప్‌లో శ్రుతిని సెంట్లతో (ఒక స్వరస్థానంలో నూరో వంతు ఒక సెంటు) సహా కాగితం మీద రాసిపెట్టుకోండి. ‘ఐదు, సున్నా సెంట్లు’ అని. పాత శ్రుతిపెట్టె మరతో సరిచేసేదైతే వేడెక్కే కొద్దీ జరుగుతుంది, రికార్డింగుకు దాన్ని పక్కన పెట్టండి. ఇవాళ పాడిన పల్లవికి వచ్చే వారం పాడిన చరణం అతకాలంటే ఆ కాగితమే దిక్కు.

పాడించే రోజు

గొంతు వేడెక్కకుండా మొదలుపెట్టొద్దు. మంద్రంలో ఆకారాలు, జంటలు, తర్వాత ఒక వర్ణం రెండు కాలాల్లో. ఆ వర్ణాన్ని కూడా రికార్డు చేయండి, పిల్లకు మైకు అలవాటవుతుంది, మీకు గెయిన్ సరిచూసుకోవడం అవుతుంది. తర్వాత కృతి మొత్తం ఆపకుండా రెండు మూడు టేకులు. నాలుగో టేకు మొదటిదానికంటే బాగుండటం పిల్లల్లో అరుదు. అరగంట పాడాక విరామం ఇవ్వండి, గొంతులో జీర కనిపిస్తే ఆ రోజుకు ఆపేయండి. స్క్రీను మీద పరిగెత్తే గీతలు పాపకు కనబడకుండా ల్యాప్‌టాప్ తిప్పేయండి, అటు చూస్తూ పాడితే రాగం మీద ధ్యాస ఉండదు.

ఒక చోట తప్పు పడితే ఆ ఒక్క పాదం మళ్లీ పాడిస్తారు. ఎలా పాడించాలో చూడండి. అనుపల్లవి సరిచేయాలంటే పల్లవి చివరి ఆవర్తం నుంచి పాడుకుంటూ రావాలి. మొదలుపెట్టేముందు పాత టేకులో అదే చోటును ఓ పది సెకన్లు చెవిలో వినిపించాలి. లేకపోతే కాలప్రమాణం కొద్దిగా పెరుగుతుంది, గొంతు రంగు మారుతుంది, అతుకు తెలిసిపోతుంది. కోత ఎప్పుడూ ఎడుపుకు (తాళంలో పాదం ఎత్తుకునే చోటుకు) ముందు ఊపిరి దగ్గర పెట్టండి, ఊపిరిని రెండో టేకుతోనే ఉంచండి. గమకం మధ్యలో ఎంత నేర్పుగా కోసినా దాగదు.

మెట్రోనోమ్ పెట్టాలా అంటే, మృదంగం తర్వాత విడిగా వాయించి కలపాలనుకుంటే తప్పదు, చెవిలో చిన్నగా అక్షరానికి ఒక టిక్కు. ఆలాపనకూ పద్యానికీ వద్దు. నన్నడిగితే మృదంగం, వయొలిన్ కావాలనుకున్నప్పుడు ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని కలిసి వాయించడమే మేలు. ఒక్కొక్కరికి మైకు, ఒకరి మైకు నుంచి ఇంకొకరి మైకుకు ఉన్న దూరం, వాళ్లకూ వాళ్ల మైకుకూ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. నెరవల్ (ఒకే పాదాన్ని మనోధర్మంతో పెంచి పాడటం), స్వరకల్పన ఉన్న పాటను విడివిడిగా రికార్డు చేస్తే ఎదురుబదురు సంభాషణ ఉండదు.

తర్వాత చేసేది, చేయకూడనిది

శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. అది పన్నెండు నిలకడ స్వరస్థానాలు తెలిసిన యంత్రం. తోడిలో గాంధారం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంటే దానికి అది తప్పులా కనిపిస్తుంది, సాపు చేసేస్తుంది. మిగిలేది ఆ స్వరస్థానమే, తోడి కాదు. పాప నిజంగా శ్రుతి తప్పిన చోటు ఉంటే ఆ పాదం మళ్లీ పాడించండి.

రొద తీసే సాఫ్ట్‌వేర్‌ను 6 డెసిబెళ్లకు మించి వాడకండి. ఇంకా పెంచితే సన్నగా ముగిసే ఆకారాల కొసలు మింగేస్తుంది, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు తయారవుతుంది. 80–90 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టరు (అంతకు కిందివాటిని కోసేది) పెట్టండి, పాప మంద్రపంచమం 147 కాబట్టి నష్టం ఏమీ లేదు, తాళం ‘ధబ్’ మాత్రం బాగా తగ్గుతుంది. కంప్రెసర్ (గట్టిగా ఉన్నచోట శబ్దాన్ని తనంతట తనే నొక్కేది) పెట్టేముందు సాఫ్ట్‌వేర్‌లో వాల్యూము గీతను చేత్తోనే సర్దండి: బాగా ఎగసిన తారస్థాయి రెండు మూడు డెసిబెళ్లు కిందికి, ఆలాపన మొదలు కాస్త పైకి. ఆపైన 2:1 కంప్రెసర్, రెండు మూడు డెసిబెళ్లకు మించి నొక్కకుండా. ప్రతిధ్వని ఒకటిన్నర సెకను లోపు, అందులో 200 హెర్ట్జ్ కిందిది కోసేసి. స్వరకల్పనలో రెండో కాలం స్వరాలు ఒకదాని తోక ఇంకొకదాని మీద పడుతుంటే ఇంకా తగ్గించాలని అర్థం. తంబురాను పాప ఊపిరి తీసుకునే చోట స్పష్టంగా వినిపించి, పాడుతున్నప్పుడు పట్టించుకోనంత మెల్లగా ఉంచండి. పోటీలకు పంపేదైతే నిబంధనలు ముందు చదవండి, అతుకులూ ప్రతిధ్వనీ ఒప్పుకోనివి చాలా ఉంటాయి, వాటికి ఒకే టేకు, ఏమీ కలపకుండా.

యూట్యూబుకు –16 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట మొత్తం మీద బిగ్గరతనాన్ని కొలిచే కొలత) దగ్గర, పీకు –1 డెసిబెల్ దాటకుండా ఇవ్వండి. అది –14 కంటే బిగ్గరగా ఉన్నవాటిని తగ్గిస్తుందే తప్ప మెల్లగా ఉన్నవాటిని పెంచదు, కాబట్టి నొక్కి బిగ్గర చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. అసలు వేవ్ ఫైళ్లను మాత్రం చెరపకండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాకు గంటకు 520 ఎంబీ లోపే, రెండు వేర్వేరు డిస్కుల్లో దాచుకోవడం కష్టం కాదు.

వీడియో కూడా తీస్తామన్నారు. ఫోను కెమెరాతో తీసి, ఇంటర్ఫేస్‌లో పడిన ఆడియోను తర్వాత దాని మీద కూర్చోబెట్టండి. మొదట్లో పాపతో కెమెరాకు కనిపించేలా ఒక చప్పట, పాట అయ్యాక ఇంకొకటి కొట్టించండి. మొదటిది కలిసి చివరిది కలవకపోతే ఫోను వేగం జారిందని తెలుస్తుంది, అప్పుడు వీడియోను ఒకటి రెండు చోట్ల కోసి సర్దాలి, ఆడియోను సాగదీయకూడదు. ఇంకొక్కటి. ఎక్కడైనా పాప పాట ఉన్నట్టుండి ఒకటిన్నర స్వరస్థానం కిందికో పైకో జరిగి, వేగం కూడా దానికి తగ్గట్టు మారి వినిపిస్తే గొంతునీ యాప్‌నీ అనుమానించకండి. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డయిన ఫైలును ప్రాజెక్టు 44.1 అనుకుని వాయిస్తోందన్నమాట, లేదా అటుది ఇటు. ప్రాజెక్టు సెట్టింగును ఫైలుకు తగ్గట్టు మారిస్తే శ్రుతి దాని చోటుకి అది వచ్చేస్తుంది.